తప్తపాని వెళ్ళొచ్చాం, అమ్మ పట్టీలు బొగ్గులా అయిపోయాయి. అసలు అడవిలో నిజమైన వేడినీళ్ళ ఊట ఎక్కడైనా మిగిలిందా?

పలాస_జీడిపప్పు
సంక్రాంతి సెలవల్లో అమ్మ, పిన్ని, తమ్ముడు, నేను ఒడిశాలో వేడినీళ్ళ ఊట ఉండే తప్తపాని వెళ్ళాం. పలాసలో పొద్దున్నే రైలెక్కి బరంపురంలో దిగి అక్కడ కారు మాట్లాడుకున్నాం, ఓ 50 కిలోమీటర్లు ఉంటాది. దిగపహండి దాటాక కొండలు మొదలు, రెండు పక్కలా అడవి, చల్లగా బాగుంది దారి. నేను రీల్స్‌లో చూసిందేటంటే చెట్ల మధ్యలో పొగలు కక్కుతూ నీళ్ళు, చుట్టూ ఒక్క మనిషి లేడు, వెనకాల ఫ్లూటు. వెళ్ళి చూస్తే ఏటుంది, రోడ్డు పక్కనే మెట్లు, ఊట చుట్టూ కంచె, కంధి మాత గుడి, కిందన స్నానాలకి కట్టిన తొట్లు, వాటినిండా జనం. నీళ్ళ మీద షాంపూ ప్యాకెట్లు తేలుతున్నాయి. ఒకావిడైతే ఏకంగా బట్టల సబ్బుతో లంగా ఉతికేస్తోంది, ఎవరూ అనరు.

అమ్మకి మాత్రం సంతోషమే, మోకాళ్ళ నొప్పులు కదా, అరగంట కాళ్ళు ముంచి కూర్చుంది. లేచాక చూస్తే పట్టీలు పసుపు రంగులోకి వచ్చాయి, కారెక్కేసరికి బెల్లం రంగు, బరంపురం స్టేషన్లో టీ తాగే టైంకి బొగ్గే. అమ్మ పెళ్ళికి పెట్టిన పట్టీలు అవి. పిన్నేమో దిష్టి పోయిందంది. అమ్మేమో "కల్తీ వెండి అంటగట్టాడు" అని 35 ఏళ్ళ కిందట అమ్మిన షాపాయన్ని పలాస వచ్చేదాకా తిడుతూనే ఉంది.

రెండు ప్రశ్నలు. పట్టీలు తెల్లబడతాయా? రెండోది, సిమెంటూ సబ్బూ లేకుండా అడవిలో ఉన్నది ఉన్నట్టుండే వేడి ఊట మనవాళ్ళెవరైనా చూశారా?

కారంపొడి
ముందు ఆ షాపాయనకి క్షమాపణ చెప్పించండి అమ్మగారి చేత

బండరాయి_మాస్టారు
అవును చెప్పించాల్సిందే. పట్టీలు నల్లబడ్డంత మాత్రాన కల్తీ అనుకోకూడదు, అసలు వెండి కూడా నల్లబడుతుంది. ఆ నీళ్ళ దగ్గర కుళ్ళిన గుడ్డు వాసన వచ్చుంటుందే, అది హైడ్రోజన్ సల్ఫైడ్. వెండికి అది తగిలితే పైన సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది, పొర పలచగా ఉన్నప్పుడు పసుపు, మందమయ్యేకొద్దీ గోధుమ రంగు, ఆ తర్వాత నలుపు. మీరు చెప్పిన వరసే. పాఠంలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు 30 ఏళ్ళ సర్వీసులో దొరకలేదు.

తోమకండి, వెండి అరుగుతుంది. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, దానిమీద పట్టీలు తగిలేట్టు పెట్టి, రెండు చెంచాల వంటసోడా వేసి, మరిగే నీళ్ళు పొయ్యండి. వెండికి పట్టిన గంధకం అల్యూమినియం వైపు వెళ్ళిపోతుంది. ఆ వాసన మళ్ళీ వస్తుంది, భయపడొద్దు. కిటికీ తెరిచి పెట్టుకోండి.

సుబ్బులు_గారి_మనవరాలు
మా ఇంట్లో అయితే కుంకుడు రసంలో నానబెట్టి విభూదితో రుద్దడమే, ఫాయిలూ లేదు గీయిలూ లేదు

బండరాయి_మాస్టారు
మామూలు మాపుకి కుంకుడు రసం చాలమ్మా. ఇది గంధకం పొర, కుంకుడుకాయకి లొంగదు.

వీకెండ్_ట్రెకోడు
అడవిలో ఊట అంటే ఖీర్‌గంగ పోవాలె. హిమాచల్‌ల పార్వతి లోయ. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి రాత్రి బస్సుల భుంతర్, ఆడికెళ్ళి కసోల్, మణికరణ్ దాటి బర్షైని దాకా రోడ్డుంటది, గంతే. ఆ తర్వాత 12 కిలోమీటర్లు నడుసుడే. దేవదారు చెట్లు, ఒకదిక్కు కింద పార్వతి నది ఉరుకుతనే ఉంటది, నడుమ రుద్రనాగ్ జలపాతం. మేం నలుగురం పోయినం, పోయిన అక్టోబర్ల. ఆరు గంటలు పట్టింది, మా చింటుగాడు కొత్త బూట్లు ఏసుకొచ్చిండు, ఆఖరి రెండు కిలోమీటర్లు చెప్పులేసుకొని నడిసిండు, బూట్లు మెడల.

పైకి పోయేసరికి చీకటి, చలికి దవడలు కొట్టుకుంటున్నయ్. బట్టలిప్పాలంటే భయమైంది. కని ఒక్కసారి ఆ నీళ్ళల్ల దిగినంక ఉంటది సూడు, మెడ దాక వేడినీళ్ళు, నెత్తిమీద మంచు గాలి, ఎదురుంగ కొండ. పావుగంట ఎవ్వడు మాట్లాడలే. నీళ్ళల్ల తెల్లగ పాలమీగడ తీరు తునకలు తేల్తయి, పార్వతమ్మ కుమారస్వామికి ఒండిన ఖీరు గిట్ల పారిందని చెప్తరు, గందుకే ఆ పేరు.

పలాస_జీడిపప్పు
అబ్బ చదూతుంటేనే వెళ్ళాలనిపిస్తోంది. సిమెంటు లేదు కదా అక్కడ?

వీకెండ్_ట్రెకోడు
అంటే... స్నానం చేసే కొలను సిమెంటుదే అక్కా. ఊట పైన వేరే జాగల ఉంటది, ఆడ కాళ్ళు పెట్టనియ్యరు. కాల్వల కిందికొస్తది. ఆడోళ్ళకి గోడ కట్టి వేరే ఉంది

కారంపొడి
హహహ 12 కిలోమీటర్లు నడిచి సిమెంటు తొట్టి

ఎర్రబస్సు
ట్రెకోడు ఆ చెత్త సంగతి చెప్పలేదేం? నేను 2017లో వెళ్ళా ఖీర్‌గంగ. పైన పచ్చిక మైదానం అంతా టెంట్లే, కెఫేలే, రాత్రంతా స్పీకర్లు. మ్యాగీ ప్లాస్టిక్కు, బీరు సీసాలు. ఆ మరుసటేడు 2018లో అటవీశాఖ టెంట్లన్నీ పీకించింది, పీకించి మంచి పనే చేసింది అంటాను. ఇంకో మాట, ఆ లోయలో ఒంటరిగా వెళ్ళి కనపడకుండా పోయిన ట్రెక్కర్ల కేసులు ఏళ్ళ తరబడి ఉన్నాయి, ఎవరితో పడితే వాళ్ళతో షార్ట్‌కట్‌లకి పోవద్దు.

నా మాట ఒకటే: అడవిలో మంచి ఊట తెలిస్తే నోరు మూసుకుని ఉండండి. ఈ థ్రెడ్‌లో లొకేషన్ పెట్టారంటే ఆరు నెలల్లో అక్కడ షాంపూ ప్యాకెట్లు తేలతాయి.

గోదారిగట్టు
ఎర్రబస్సు గారూ, ఆ ఊట పక్కన ఊరుంటుందండీ, ఆ ఊరివాళ్ళకి అది ఎప్పట్నుంచో తెలుసు. మనం చెప్పకపోతే రహస్యం అయిపోద్దా.

మా గుండాల సంగతి చెప్తాను. భద్రాచలానికి 5 కిలోమీటర్లు, గోదారి ఒడ్డున. అక్కడ తొట్టీ లేదు గుంటా లేదు, ఇసకే. నీళ్ళు తగ్గాక ఏటి ఇసకలో తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి. నా చిన్నప్పుడు కార్తీక మాసంలో అమ్మమ్మ తీసుకెళ్ళేది, బ్రహ్మా విష్ణూ మహేశ్వరులు ముగ్గురూ చలికాలం వచ్చి అక్కడ స్నానం చేస్తారని చెప్పేది. మేం పిల్లలం కొబ్బరిచిప్పలతో తవ్వేవాళ్ళం. ఒకచోట తవ్వితే మామూలు ఏటినీళ్ళే, జానెడు పక్కకి జరిగి తవ్వితే చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకునేంత వేడి. అదేం లెక్కో ఇప్పటికీ తెలీదు. ముందు ఇసక తడిగా ఉంటుంది, తర్వాత అడుగునుంచి బుడగలు లేస్తాయి, ఆ బుడగ పక్కన ఇసక రేణువులు గిర్రున తిరుగుతా ఉంటాయి, నీళ్ళు మట్టిరంగు నుంచి తేటపడతాయి. అప్పుడు కాళ్ళు పెట్టుకోవాలి. గుంట గోడలు పడిపోతా ఉంటాయి, మళ్ళీ తవ్వుకోడమే.

ఒకసారి మా మావయ్య పందెం కట్టి కోడిగుడ్డు పెట్టాడు. గంటున్నర కూర్చున్నాం చుట్టూ. పగలగొడితే పచ్చిగుడ్డే, కాకపోతే వెచ్చటి పచ్చిగుడ్డు. మా మావయ్యని పెళ్ళిళ్ళలో ఇప్పటికీ గుడ్డు మావయ్య అనే పిలుస్తారు.

పలాస_జీడిపప్పు
ఇదే ఇదే నాక్కావలసింది!! గుండాల అని కొడితే మ్యాపు ఎక్కడో యెల్లందు వైపు చూపిస్తాదేటి

సింగరేణి_బిడ్డ
ఆగండి ఆగండి, ఆ పొరపాటు చేయకండి. మ్యాపు చూపించేది గుండాల మండలం, కొత్తగూడెం జిల్లాల్నే ఉంది, అడవే గానీ గోదారి లేదు వేడినీళ్ళు లేవు. మా ఆఫీసుల ఒకాయన అత్తగారిని ఎక్కించుకొని అక్కడిదాకా పోయిండు, ఊళ్ళె దిగి "వేడినీళ్ళు ఎక్కడ" అని అడిగితే హోటలాయన చాయ్‌కి పెట్టిన నీళ్ళు చూపించిండంట. యాదాద్రి జిల్లాల ఇంకో గుండాల ఉంది, అది ఇంకా దూరం. మీకు కావలసింది ఎటపాక పక్క గుండాల, రాష్ట్రం విడిపోయినప్పుడు ఆంధ్రలోకి పోయిన 5 పంచాయతీలల్ల ఒకటి. భద్రాచలంల ఆటో ఎక్కి "ఏటి ఒడ్డు గుండాల" అనాలె.

కారంపొడి
రాముడి గుడి తెలంగాణలో, వేడినీళ్ళు ఆంధ్రలో. పంపకం బానే చేశారు

గోదారిగట్టు
ఆ టాపిక్ ఎత్తకండి బాబూ, భూములు అటు ఊరు ఇటు, అదో పెద్ద కథ

ఇంకొకటి చెప్పాలి, ఎప్పుడు పడితే అప్పుడు వెళ్తే ఉండదు. వానాకాలం ఏరు నిండితే ఊటలన్నీ నీళ్ళకింద. వరదొచ్చిన ఏడు ఇసక మేట మారిపోద్ది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చిందే, 1986లో 75.6 తర్వాత మళ్ళీ అంత రావడం అదే, ఆ తర్వాత నేను వెళ్తే పాత చోటు ఆనవాలే పట్టలేకపోయా. ఊరి పెద్దాయన ఒకాయన చెప్పుల్లేకుండా ఇసక మీద నడుచుకుంటా పోయి, ఒకచోట ఆగి "ఇదిగో ఇక్కడ" అన్నాడు. పాదానికి తెలుస్తుందంట. తవ్వితే ఉంది.

ఎర్రబస్సు
ఇదిగో, చెప్పకూడదంటే మొత్తం అడ్రసు చెప్పేశారు. పైగా ఆటోలో ఏమనాలో కూడా

గోదారిగట్టు
చెప్తే వచ్చి ఏం చేస్తారండీ, ఇసక గుంట తవ్వుకుంటారు, వచ్చే వరదకి అదీ పోతుంది. గోదారమ్మే మా శానిటరీ ఇన్‌స్పెక్టర్

రాజమండ్రి_రంగడు
అక్కడ భూమి కింద అగ్నిపర్వతం ఉందంట కదా, ఎప్పుడో పేలుతుందని ఒక వీడియోలో చూశా

బండరాయి_మాస్టారు
లేదు. దేశంలో ఇప్పటికీ నిప్పు కక్కుతున్న అగ్నిపర్వతం అండమాన్ దగ్గర బారెన్ దీవి ఒక్కటే. భద్రాచలంలో ఏదీ పేలదు, మీరు ప్రశాంతంగా పడుకోండి.

నేలలోకి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది, మామూలుగా కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీలు. వాన నీళ్ళు పగుళ్ళలోంచి లోతుకి ఇంకి, అక్కడ కాగి, ఇంకో పెద్ద పగులు దొరికితే చల్లారేలోపు పైకి ఎగదన్నుకొస్తాయి. గోదావరి లోయ మొత్తం అలా పగుళ్ళ మధ్య కిందికి కుంగిన నేల, బొగ్గు అక్కడ పడింది కూడా అందుకే. గుండాలలో జానెడు తేడాలో ఒకచోట చల్లనీళ్ళు ఒకచోట వేడినీళ్ళు అంటే లెక్క ఇదే, వేడినీళ్ళు వచ్చే సందు సన్నంగా ఉంటుంది, దాని పక్కన ఉన్నదంతా మామూలు ఏటి ఊటే. పెద్దాయన పాదం ఆ సందుని పట్టుకుంది, మా పరికరాలకన్నా చవక.

తప్తపాని తూర్పు కనుమల్లో గట్టి రాయిలోంచి వస్తుంది, దాని సంగతీ ఇదే, పగుళ్ళే.

సింగరేణి_బిడ్డ
మాస్టారు చెప్పింది కరెక్టు. మా మణుగూరు దగ్గర పగిడేరుల బొగ్గు కోసం బోరు వేస్తే మోటరు లేకుండానే వేడినీళ్ళు పైకి తన్నినయి. సింగరేణి అక్కడ ఆ వేడితోటి 20 కిలోవాట్ల కరెంటు తీసే చిన్న ప్లాంటు కూడా పెట్టింది. నీళ్ళతో టర్బైను తిప్పరు, ఆ వేడితోటి తొందరగ మరిగే వేరే ద్రవాన్ని మరిగించి దాని ఆవిరితోటి తిప్పుతరు. ఊళ్ళోళ్ళు మాత్రం బోరునీళ్ళల్ల హాయిగ స్నానం చేసేటోళ్ళు, చలికాలం ఎవ్వరింట్ల హీటరు లేదు

రాజమండ్రి_రంగడు
20 కిలోవాట్లు అంటే మా అపార్ట్‌మెంట్ ఏసీలకి కూడా చాలవు

సింగరేణి_బిడ్డ
అందుకే చిన్న ప్లాంటు అన్న. చదువుర్రి జర

కాఫీ_డికాక్షన్
దక్షిణ భారతంలో సహజమైన వేడి ఊట పుత్తూరు దగ్గర బెంద్రు తీర్థ ఒక్కటే అని కర్ణాటక వాళ్ళు చెప్తారు కదా, గుండాల సంగతి వాళ్ళకి తెలీదా

గోదారిగట్టు
తెలీకపోతే మంచిదే అంటాడు ఎర్రబస్సు

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇందాకట్నుంచి చదువుతున్నా, ఒక్కరూ ఈ మాట చెప్పట్లేదు. గోరువెచ్చటి నీళ్ళలో, ముఖ్యంగా నిలవ నీళ్ళలో, తల ముంచకండి. నైగ్లేరియా ఫౌలెరి అని ఒక అమీబా ఉంటుంది, కేరళలో కేసులు వచ్చాయని పేపర్లో చదివుంటారు. తాగితే ఏం చెయ్యదు, ముక్కులోంచి నీళ్ళు లోపలికి పోతేనే ప్రమాదం, మెదడుకి పాకుతుంది. చాలా అరుదు, కానీ వస్తే మనిషి దక్కడం కష్టం. కాళ్ళు పెట్టుకోండి, మెడ దాకా కూర్చోండి, ముక్కు మాత్రం పైన ఉంచండి.

బీపీ మందులు వాడేవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు పది పదిహేను నిమిషాలకి మించి కూర్చోవద్దు, లేచేటప్పుడు మెల్లిగా లేవాలి, రక్తమంతా చర్మంలోకి వచ్చేసి కళ్ళు తిరుగుతాయి. కడుపుతో ఉన్నవాళ్ళు అసలు వద్దు. షుగరు ఉన్నవాళ్ళు పాదాలు పెట్టేముందు మోచేత్తో వేడి చూడండి, పాదాలకి స్పర్శ తగ్గి కాలినా తెలీదు.

పలాస_జీడిపప్పు
అమ్మో సిస్టర్, మా తమ్ముడు మూడు మునకలు వేశాడు. ఇప్పుడేటి గతి

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఎన్ని రోజులైంది?

పలాస_జీడిపప్పు
24 రోజులు. ఇప్పుడే బిర్యానీ తింటున్నాడు

నైట్‌డ్యూటీ_సిస్టర్
అయితే ఏం లేదు, ఆ జబ్బయితే మామూలుగా 12 రోజుల్లోపే బయటపడుతుంది. తిననివ్వండి. ఎవరికైనా అలాంటి స్నానం చేసిన కొద్దిరోజుల్లో తీవ్రమైన తలనొప్పి, జ్వరం, మెడ పట్టేయడం వస్తే ఆసుపత్రికి పరిగెత్తి, ఫలానా నీళ్ళలో మునిగాం అని ముందే చెప్పాలి. చాలామంది చెప్పరు.

శ్రీకాకుళం_సీనుబాబు
గంధకం నీళ్ళు గజ్జికీ తామరకీ మందంటారు, మా తాత తామర తప్తపానిలోనే తగ్గింది

నైట్‌డ్యూటీ_సిస్టర్
గజ్జికి గంధకం లేపనం వాడటం ఉంది, నిజమే. కానీ తాతగారు తామరతో ఆ తొట్టిలో దిగారంటే ఆయన తర్వాత దిగినవాళ్ళ సంగతి ఆలోచించండి

శ్రీకాకుళం_సీనుబాబు
...

కారంపొడి
ఈ థ్రెడ్ చదివాక ఇంట్లో గీజరు మీద గౌరవం పెరిగింది

పోర్ట్‌లాండ్_పంతులు
అడవిలో, సిమెంటు లేకుండా, మనిషి కట్టింది తక్కువగా ఉండేది కావాలంటే మా ఒరెగాన్‌లో ఉంది, అంప్‌క్వా హాట్ స్ప్రింగ్స్. జాతీయ అడవి లోపల, కొండ అంచు మీద, కింద అంప్‌క్వా నది, ఊటలోని సున్నం పేరుకుని మెట్లు మెట్లుగా గుంటలు. పోర్ట్‌లాండ్ నుంచి నాలుగు గంటల పైన డ్రైవ్, ఆపైన కొంచెమే నడక గానీ నిట్టనిలువుగా ఎక్కాలి. డే పాస్ 5 డాలర్లు. ఇదంతా వెబ్‌సైట్‌లో చదివి మా అత్తమామల్ని తీసుకెళ్ళా. చదవని ముక్క ఒకటుంది, అక్కడ బట్టలు వేసుకోవడం ఎవరిష్టం వాళ్ళది.

మా మామగారు రిటైర్డ్ తాసిల్దారు, పంచె ఎగ్గట్టి కర్ర పట్టుకుని అందరికన్నా ముందు ఎక్కారు. పైకి చేరగానే ఎదురుగా గుంటలో ఒక పెద్దమనిషి, గడ్డం ఉంది, ఇంకేం లేదు, లేచి నిలబడి "హౌ ఆర్ యూ" అన్నాడు. మామగారు ఏం మాట్లాడకుండా అట్నుంచటే వెనక్కి తిరిగి, నదివైపు మొహం పెట్టి నిలబడ్డారు. అరగంట. ఆ నదిలో ఎన్ని రాళ్ళున్నాయో ఆయన్నడిగితే ఇప్పుడూ చెప్తారు. నేను భూమిలోకి కుంగిపోతున్నా. మా అత్తగారు మాత్రం చీర కుచ్చిళ్ళు పైకి దోపి, ఖాళీగా ఉన్న కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని, "కుంభమేళాలో నాగసాధువుల్ని చూళ్ళేదా ఏంటి, రండి నీళ్ళు బావున్నాయి" అని కేకేశారు.

వచ్చేటప్పుడు కారులో ఎవరూ మాట్లాడలేదు. చివరికి మామగారే "ఆ మనిషికి జలుబు చెయ్యదా" అన్నారు.

కారంపొడి
నవ్వలేక చచ్చిపోతున్నా. తాసిల్దారు గారికి నా నమస్కారాలు

వీకెండ్_ట్రెకోడు
పంచెతోని ట్రెక్కు, సార్ లెజెండ్

బరంపురం_బావ
ఆలస్యంగా చూశాను థ్రెడ్డు. మాది బరంపురం, నాలుగు తరాలుగా ఇక్కడే, ఇంట్లో తెలుగు బజార్లో ఒడియా. తప్తపానిని అందరూ కలిసి చీల్చేశారు కాబట్టి రెండు మాటలు చెప్పాలి.

పలాస అమ్మాయ్, నువ్వు వెళ్ళింది సంక్రాంతికి. పండగపూట రైల్వే స్టేషనుకి వెళ్ళి రద్దీగా ఉందంటే ఎలా. మామూలు రోజు, మంగళవారమో బుధవారమో, తెల్లారగట్ల ఐదున్నరకి వెళ్ళి చూడు. చలికాలం అయితే ఊట మీద ఆవిరి మనిషి నడుం ఎత్తున నిలబడి ఉంటుంది, సాల చెట్ల మీంచి మంచు టపటప రాలుతుంటుంది, పూజారి తప్ప ఎవరూ ఉండరు. ఒడిశా టూరిజం వాళ్ళ పాంథనివాస్‌లో దిగితే ఆ ఊట నీళ్ళే గదిలో తొట్టికి వస్తాయి, తెల్లారి లేచి నడిచి వెళ్ళొచ్చు.

రెండోది. సిమెంటు సిమెంటు అని అందరూ ఏడుస్తున్నారు. మా నాయనమ్మకి 78, నడుం పడిపోయింది. ఆవిడ ఖీర్‌గంగకి 12 కిలోమీటర్లు నడుస్తుందా, గోదారి ఇసకలో గుంట తవ్వుతుందా? మెట్లుండి, పట్టుకోడానికి గోడుండి, తొట్టి ఉండబట్టే కదా కూర్చోగలిగింది. మీ అమ్మగారు కూడా అరగంట కూర్చున్నారంటే ఆ మెట్ల మీదే కదా. అడవి అడవిలానే ఉండాలి అనేది ముప్పై ఏళ్ళవాళ్ళ కోరిక.

మూడోది, అది కొండవాళ్ళ దేవత చోటు. పిల్లల్లేని ఆడవాళ్ళు అక్కడ గుండం బురదలో చేత్తో వెతుకుతారు, చెట్టు మీంచి రాలిన కాయ దొరికితే బిడ్డ పుడుతుందని నమ్మకం. నేనొకసారి చూశాను, ఒకావిడ మోచేతి దాకా బురదలో, ఆ నీళ్ళు వేడి, చెయ్యి ఎర్రగా కందిపోయింది, తియ్యట్లేదు. పక్కన వాళ్ళాయన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల నలుగురు కుర్రాళ్ళు ఫోన్లో ఆవిడ్ని తీస్తున్నారు. సబ్బుకన్నా నాకు అది ఎక్కువ చిరాకు.

ఎర్రబస్సు
చివరి మాటకి దండం. కానీ మెట్లు వేరు, సబ్బు వేరు బావా. మెట్లు కట్టండి, సబ్బు ఆపండి. రెండూ కలిపి తూకం వెయ్యకండి

బరంపురం_బావ
సబ్బు విషయంలో నేనూ నీ పార్టీయే. ఎవరూ అనకపోతే మనమే అనాలి. నేను అంటాను, తిట్లు తింటాను, రెండు భాషల్లో

పలాస_జీడిపప్పు
బావగారూ, నిజమే, అమ్మ మెట్ల సంగతి నాకు తట్టలేదు. నేను నిలబడి మొహం మాడ్చుకున్నానే గానీ అమ్మ ఒక్కసారి కూడా బాలేదనలేదు. ఇంటికొచ్చాక రెండ్రోజులు కింద కూర్చుని కూరగాయలు తరిగింది కూడా.

బండరాయి_మాస్టారు
వేడి వల్ల కండరం వదులైంది. మూడోరోజు మళ్ళీ పీట ఎక్కి ఉంటారే?

పలాస_జీడిపప్పు
అవును మాస్టారూ మూడోరోజు మళ్ళీ కుర్చీయే 😄

కాఫీ_డికాక్షన్
అక్కడిదాకా వెళ్ళి చంద్రగిరి చూడకుండా వచ్చేశారా? తప్తపాని దాటి అదే రోడ్డులో మోహనా వైపు వెళ్తే టిబెట్ వాళ్ళ ఊళ్ళు, 1960ల్లో వచ్చి స్థిరపడ్డారు, జిరాంగ్ దగ్గర పెద్ద బౌద్ధ మఠం, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. జొన్నపొత్తుల... సారీ మొక్కజొన్న పొత్తుల చేలు, వేడి వేడి మోమోలు. మా ఇంట్లో మఠం ఎవరికీ గుర్తులేదు, మోమోలు గుర్తున్నాయి

పలాస_జీడిపప్పు
అయ్యో, డ్రైవరు చెప్తే అమ్మ రైలు తప్పిపోతాదని వెనక్కి తిప్పించేసింది

గోదారిగట్టు
మరి గుండాల ఎప్పుడు? ఫిబ్రవరి బాగుంటుంది, ఏరు తగ్గి ఉంటుంది, ఎండా ఉండదు. అమ్మగార్ని తీసుకురండి, గుంట మేం తవ్వుతాం. కూర్చోడానికి ప్లాస్టిక్ స్టూలు ఇసకలో పాతేస్తే దిగబడదు, మా అమ్మమ్మకి అలాగే చేసేవాళ్ళం, కాళ్ళు గుంటలో, మనిషి స్టూలు మీద. బరంపురం బావకి సమాధానం అయింది అనుకుంటున్నా

బరంపురం_బావ
నాయనమ్మని అడిగి చెప్తా. స్టూలు మాత్రం చేతులున్న కుర్చీ కావాలంట

పలాస_జీడిపప్పు
వస్తాం. ముందు పట్టీల రిపోర్టు. ఈరోజు మాస్టారు చెప్పినట్టు చేశాను. ఫాయిలు ఇంట్లో లేదు, కింద బిర్యానీ పాయింట్‌లో అడిగితే మూర చించి ఇచ్చారు. సోడా వేసి మరిగే నీళ్ళు పోశానో లేదో బుసబుసా పొంగింది, తప్తపాని వాసన వంటింట్లోకొచ్చేసింది, పిన్ని "ఇంట్లో గుడ్డు ఎవరు పగలగొట్టారు" అని హాల్లోంచి అరుపు. పది నిమిషాలకి తీస్తే ముప్పావు వంతు తెల్లగా వచ్చేశాయి, గజ్జెల సందుల్లో మాత్రం నలుపు ఉండిపోయింది, రెండోసారి వేస్తే అదీ పోయింది. ఎడమ కాలిదాన్లో కొక్కెం ఒకటి ఊడింది, అది ముందే వదులుగా ఉండేదంట.

బండరాయి_మాస్టారు
ఫాయిల్ రంగు చూశారా?

పలాస_జీడిపప్పు
నల్లబడింది మాస్టారూ. అక్కడక్కడ చిల్లులు కూడా.

కారంపొడి
షాపాయన సంగతి??

పలాస_జీడిపప్పు
అమ్మకి చెప్పాను అసలు వెండి కూడా ఇలాగే నల్లబడుతుందని. కాసేపు ఆలోచించి, "అయితే తూకంలో మోసం చేసుంటాడు" అంది